ఓడ కంపెనీల విలీనం: దీవిలో కూడిక, మిల్లులో తీసివేత

మిర్యాలగూడలో బియ్యం బేరం కుదిరేటప్పుడు మాటలన్నీ ధాన్యం రేటు, నూక శాతం, తేమ, లారీ కిరాయి చుట్టూ తిరుగుతాయి. ఓడ కిరాయి ప్రసక్తి అరుదు. అది కాకినాడ ఎగుమతిదారు చూసుకునే వ్యవహారమని మిల్లర్లు, దలాలీలు వదిలివేస్తారు. సముద్రం మొహం చూడని మెట్ట జిల్లాలకు ఓడ కంపెనీల గొడవ ఎందుకన్న భావం బాదేపల్లి యార్డులోనూ ఉన్నది. అయితే 2025 మార్చి 31న 12,500 టన్నుల తెలంగాణ బియ్యంతో తొలి ఓడ కాకినాడ రేవు నుంచి ఫిలిప్పైన్స్ దీవులకు బయలుదేరిన నాటి నుంచి ఈ భావానికి కాలం చెల్లిందనే చెప్పాలి. ఆ సరుకు 1010 రకం. మొత్తం ఎనిమిది లక్షల టన్నుల వరకు పంపాలన్న తలంపుతో మొదలైన వ్యవహారమది.

కొనుగోలుదారు ఏడు వేలకు పైగా దీవులు గల దేశం. మనీలా వంటి పెద్ద రేవులో దిగిన బస్తా లోపలి దీవికి చేరాలంటే మళ్ళీ ఇంకొక ఓడ ఎక్కాలి. ఆ రెండో ఓడ ఎవరిది, ఆ దారిలో కంపెనీలు ఎన్ని, అవి ఒకదానిలో ఒకటి కలిసిపోతే కిరాయి ఏమవుతుంది అన్న ప్రశ్నలు అక్కడి గృహిణికి ఎంత ముఖ్యమో, ఇక్కడి మిల్లరుకూ అంతే ముఖ్యం. ఎందుకన్నది కొంచెం లెక్క వేస్తే గాని తేలదు.

కిరాయి ఎవరి నెత్తిన?

ఈ లెక్కకు మనీలా దాకా పోనక్కరలేదు. గద్వాల వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలి మధ్యలో వదిలిన గుర్రంగడ్డ అనే దీవి గ్రామం ఉన్నది. పాత మహబూబ్‌నగర్ జిల్లా వర్తకులకు తెలియని ఊరు కాదు. వంతెన లేనన్నాళ్ళూ ఆ ఊరికి పడవే దిక్కు. ఎరువు బస్తా దీవిలోకి పోయేటప్పుడు గద్వాల ధరకు పడవ కిరాయి కలుస్తుంది. అదే ఊళ్ళో పండిన ధాన్యం బస్తా ఒడ్డుకు వచ్చేటప్పుడు గద్వాల ధర నుంచి పడవ కిరాయి తరుగుతుంది. కొన్నా దీవి వాడే ఇచ్చుకోవాలి, అమ్మినా దీవి వాడే ఇచ్చుకోవాలి. గద్వాలలో ఎరువు ధర గాని, ధాన్యం ధర గాని గుర్రంగడ్డ కోసం మారదు. వేరే దారి లేని వాడి మీదనే కిరాయి పడుతుందన్నది ఇందులోని కిటుకు.

ఇదే సూత్రం ఎగుమతికి వర్తింపజేసి చూడండి. ఫిలిప్పైన్స్‌కు ప్రధానంగా బియ్యం అమ్మేది వియత్నాం. అక్కడి నుంచి దారి దగ్గర. ఉదాహరణకు వియత్నాం బియ్యం మనీలా రేవు చేరిక ధర టన్నుకు 400 డాలర్లు అనుకుందాం. అదే రకానికి మన ఎగుమతిదారు 401 అడిగితే కొనేవాడు లేడు. కాకినాడ నుంచి కిరాయి, బీమా 30 డాలర్లు అయితే మన రేవు ధర 370 దాటడానికి వీలులేదు. కిరాయి 40కి పెరిగితే రేవు ధర 360కి దిగాలి. ఆ పది డాలర్లను మనీలా వర్తకుడు ఇవ్వడు. ఓడ కంపెనీ వదులుకోదు. డాలరు 85 రూపాయల లెక్కన టన్నుకు 850, క్వింటాలు బియ్యానికి 85 రూపాయలు కాకినాడ నుంచి వెనక్కు నడిచి మిర్యాలగూడ మిల్లు గేటు వద్దకు వస్తాయి. క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యం 67 కిలోలు అన్న భారత ఆహార సంస్థ లెక్క ప్రకారం ధాన్యం మీద ఈ తరుగు 57 రూపాయలు. మిల్లరు కొంత భరించవచ్చు. మిగిలినది కల్లంలో రైతుకు చెప్పే ధరలో తేలుతుంది.

అదే బస్తా మనీలా దాటి లోపలి దీవికి పోతే కథ తిరగబడుతుంది. ఆ దీవిలో వరి చాలినంత పండక, వచ్చే ఓడ ఒక్కటే అయితే, రెండో ఓడ కిరాయి పూర్తిగా తినేవాడి మీదకే పోతుంది. ఆ కిరాయి మితిమీరితే వాడు కొనడం తగ్గించి మక్కలకో, దుంపలకో మళ్ళుతాడు. అప్పుడు పెద్ద రేవులో గిరాకీ మెతకబడుతుంది. ఆ మెతకదనం కూడా ఆలస్యంగానైనా వెనక్కు వచ్చేదే.

మూడు కుటుంబాలు, ఒక ఓడ కంపెనీ

ఫిలిప్పైన్స్ దీవుల మధ్య సరుకు, జనం మోసే వ్యాపారంలో విలియం, గోతోంగ్, అబోయితీజ్ కంపెనీలు పేరుపడ్డవి. వీటి మధ్య పోటీ పాతది. 1996లో ఈ మూడూ విలీనమై మూడింటి మొదటి అక్షరాలతో ఒకే కంపెనీ ఏర్పడింది. తర్వాత రెండు కుటుంబాలు తప్పుకొని అబోయితీజ్ మిగిలింది. 2010లో ఆ వ్యాపారాన్ని పోటీదారైన నీగ్రోస్ నావిగేషన్ కొన్నది. అదే ఇప్పటి టూగో. ఒకప్పుడు నాలుగు జెండాల కింద తిరిగిన ఓడలు పదిహేనేళ్ళలో ఒక జెండా కిందకు చేరాయన్నమాట.

విలీనం చేసుకునేవారు చెప్పే మాటలో నిజం లేకపోలేదు. ఒకే రోజు ఒకే రేవుకు మూడు ఓడలు సగం ఖాళీగా పోవడం వృథా. ముగ్గురూ కలిస్తే ఒక పెద్ద ఓడ నిండుగా పోతుంది, టన్నుకు ఆయిల్ ఖర్చు తగ్గుతుంది. నల్గొండ రోడ్డు మీద రెండు లారీలు చెరి సగం లోడుతో పోవడం కన్నా ఒక లారీ నిండుగా పోవడం చవక అన్నంత తేలిక విషయం. చిక్కు అంతా ఆ మిగిలిన ఖర్చు ఎవరి జేబులోకి పోతుందన్న దగ్గర వస్తుంది. పక్క రేవులో ఇంకొక కంపెనీ ఓడ కాచుకొని ఉంటే అందులో కొంతైనా కిరాయి తగ్గింపుగా వర్తకునికి దక్కుతుంది. లేకుంటే దక్కదు. 2004 చట్టం దేశీయ కిరాయిల నిర్ణయాన్ని కంపెనీలకే వదిలిన ఫిలిప్పైన్స్‌లో ఈ తేడా మరింత పదునైనది. దూరం సమానంగా ఉన్న రెండు దీవుల కిరాయిలలో తేడా కనిపిస్తే, మైళ్ళు కాక ఓడలు లెక్కపెట్టాలి.

చిన్న దీవికి ఇంకొక దెబ్బ ఉన్నది. అది రేట్ల పట్టికలో కనిపించదు. విలీనమైన కంపెనీ పెద్ద ఓడ దించుతుంది. పెద్ద ఓడకు లోతు కావాలి. చిన్న రేవులో లోతు ఉండదు. వారానికి మూడుసార్లు వచ్చే ఓడ ఒక్కసారి వస్తుంది, లేదా పెద్ద రేవులో సరుకు దింపి పడవలలో పంపుతుంది. ప్రకటించిన కిరాయి పైసా పెరగకపోయినా, దీవి వర్తకుడు రెండు రోజుల సరుకు బదులు వారం సరుకు నిల్వ పెట్టుకోవాలి. గోదాము, వడ్డీ, తరుగు, పందికొక్కులు అన్నీ కిరాయి కిందకే వస్తాయి. వడ్డీ లెక్క తెలిసిన అడ్తీదారులకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

మనీలా నుంచి దక్షిణాన ఉన్న కగయాన్ డి ఓరోకు సరుకు నేరుగా పంపడం కన్నా పరదేశపు రేవు చుట్టి తెప్పించడమే చవక అని అక్కడి వర్తకులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. ఫలితంగా 2015లో ఒక చట్టం వచ్చింది. పరదేశం నుంచి వచ్చిన, లేదా పరదేశం పోయే సరుకును విదేశీ ఓడలే లోపలి రేవుల దాకా మోయడానికి అది అనుమతించింది. దిగుమతి బియ్యానికి కూడా ఇది పనికివచ్చే దారే. అంతకు ముందే, 2003లో, ఇంకొక పని జరిగింది. లారీలు సరుకుతో సహా ఓడలోకి నడిచి ఎక్కి అవతలి దీవిలో నడిచి దిగే పద్ధతిని ప్రభుత్వం ప్రోత్సహించింది. అటువంటి సరుకుపై రేవు హమాలీ రుసుములు తొలగించి, లారీ ఓడలో ఆక్రమించే పొడవును బట్టి కిరాయి వసూలు చేయించింది. ఎత్తుడు దింపుడు లేదు. విలీనమైన పెద్ద కంపెనీకి పోటీ ఇంకొక పెద్ద ఓడ నుంచి రాలేదు, లారీ నుంచి వచ్చింది. లారీ యజమానుల సత్తా తెలిసిన మన జిల్లాల వారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు.

కంటైనర్ వేరు, బస్తాల ఓడ వేరు

ప్రపంచ స్థాయిలో పెద్ద విలీనాలు 2016, 2018 మధ్య ముసురుకొని వచ్చాయి. 2016లో చైనా ప్రభుత్వ కంపెనీలు రెండు కాస్కోగా ఒకటయ్యాయి. అదే సంవత్సరం సింగపూరు కంపెనీని ఫ్రాన్సుకు చెందిన సి.ఎం.ఎ. సి.జి.ఎం. కొన్నది. ఆగస్టు నెలాఖరున కొరియా కంపెనీ హాంజిన్ దివాలా తీయగా సరుకు మోస్తున్న ఓడలను రేవులు రానివ్వక, లోపలి సరుకు సముద్రం మీదనే చిక్కుబడింది. 2017లో జర్మనీకి చెందిన హపాగ్ లాయిడ్ గల్ఫ్ కంపెనీని కలుపుకున్నది, డెన్మార్కుకు చెందిన మెర్స్క్ హాంబుర్గ్ సూద్‌ను కొన్నది. 2018 ఏప్రిల్ నుంచి జపాను కంపెనీలు మూడు తమ కంటైనర్ వ్యాపారాన్ని ఒకే పేరు మీద నడపసాగాయి. కొద్ది నెలలకే హాంకాంగ్‌కు చెందిన ఓ.ఓ.సి.ఎల్. కాస్కో పరమైంది. మిగిలిన కంపెనీలలో చాలావరకు కూటములు కట్టి ఒకరి ఓడలో ఒకరు చోటు పంచుకుంటున్నాయి. బిల్లు మీద పేర్లు వేరు, సరుకు ఎక్కే ఓడ ఒకటే.

వనపర్తి, గద్వాల ప్రాంతాల వేరుశనగ మీద దీని ప్రభావం సూటిగా ఉంటుంది. భారత వేరుశనగ పప్పుకు పెద్ద ఖాతాదారు ఇండోనేషియా. అదీ దీవుల దేశమే. ఆ సరుకు పోయేది కంటైనర్లలో. ఇరవై అడుగుల కంటైనరులో 25 టన్నులు పట్టే బియ్యాన్నే లెక్కకు తీసుకుంటే, కిరాయి 500 డాలర్లు పెరిగినప్పుడు క్వింటాలుకు 170 రూపాయల తేడా వస్తుంది. వేరుశనగ అంత బరువుగా కూరుకోదు గనుక దానిపై తేడా ఇంకొంచెం ఎక్కువే. పైగా విలీనాల తర్వాత అసలు కిరాయి కన్నా అదనపు రుసుములే ఇబ్బంది పెడుతున్నాయన్నది ఎగుమతిదారుల ఫిర్యాదు. ఆయిల్ రుసుము, రద్దీ రుసుము, ఖాళీ కంటైనర్ల కొరత రుసుము వంటివి బేరం కుదిరిన తర్వాత వచ్చి చేరుతాయి. 2021లో కరోనా అనంతర రద్దీలోనూ, 2023 నవంబరు నుంచి ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టి పోయిన కాలంలోనూ ఇదే తంతు. అయితే ఈ పెరుగుదలను అంతా విలీనాల ఖాతాలో వేయడం సరికాదు. గిరాకీ పెరిగినా, దారి పొడుగైనా కిరాయి పెరగక తప్పదు. విలీనం చేసేది వేరొకటి. పెరిగిన కిరాయి దిగిరావడానికి పట్టే కాలాన్ని అది సాగదీస్తుంది. కంపెనీలు తక్కువైతే, గిరాకీ తగ్గిన వెంటనే ఓడల ప్రయాణాలు రద్దు చేసి రేటు కాపాడుకోవడం తేలిక.

బియ్యం సంగతి కొంత వేరు. కాకినాడ నుంచి బస్తాల రూపంలో పోయే సరుకు ఎక్కువగా సాదా సరుకు ఓడలలోనే పోతుంది. ఆ ఓడల యజమానులు అనేకులు, దేశదేశాలలో ఉన్నారు. ఒక ప్రయాణానికి ఒక బేరం. ఈ రంగాన్ని విలీనాలు పెద్దగా తాకలేదు. అందుచేత కంటైనర్ కిరాయి చుక్కలు తాకినప్పుడు మిర్యాలగూడ సరుకుకు కాకినాడ బస్తాల ఓడ రక్షణగా ఉంటున్నది. 12,500 టన్నుల ఓడ ఒకటి అయిదు వందల కంటైనర్ల పెట్టు. కాని అంత సరుకు ఒక్కసారి కొనగలిగినవాడు, ఒక్కసారి పోగుచేసి అమ్మగలిగినవాడు ఉండాలి. రెండు వందల టన్నుల బేరం చేసే చిన్న ఎగుమతిదారుకు ఆ దారి లేదు. అతడు కంటైనర్ కంపెనీ చెప్పిన మాట వినక తప్పదు. విలీనాల దెబ్బ చిన్న దీవికీ, చిన్న వర్తకుడికీ ఒకే విధంగా తగలడానికి ఇదే కారణం.

పాత పాఠాలు

ఈ భయాలు కొత్తవి కావు. 1906లో వి.ఓ. చిదంబరం పిళ్ళై తూత్తుకుడి, కొలంబోల మధ్య స్వదేశీ ఓడలు పెట్టగా బ్రిటిష్ ఇండియా కంపెనీ టిక్కెట్ ధరను అడ్డగోలుగా దించి పోటీ చేసింది. స్వదేశీ కంపెనీ 1911 నాటికి మూతపడింది. 1914లో బ్రిటిష్ ఇండియా కంపెనీ పి. అండ్ ఓ. సంస్థలో కలిసింది. 1919లో వచ్చిన సింధియా కంపెనీ రంగూను బియ్యం దారిలో కిరాయిల యుద్ధం చవిచూసి, చివరకు 1923లో ఒడంబడికకు దిగవలసి వచ్చింది. ఆ రోజుల్లో వర్తకులను కట్టిపడేసిన సాధనం వాయిదా రిబేటు. కట్టిన కిరాయిలో కొంత వాపసు ఇస్తామంటారు. కాని వచ్చే కొన్ని నెలలు కూడా తమ ఓడలోనే సరుకు వేస్తేనే ఇస్తారు. పోటీ ఓడలో ఒక్క బస్తా వేసినా పాత రిబేటు గోవిందా. నేటి సాలుసరి కాంట్రాక్టులలోనూ ఈ వాసన పూర్తిగా పోలేదు.

అమెరికా ఏలుబడిలోని దీవులలో ఈ విషయం కోర్టులకు ఎక్కింది. 1920 నాటి జోన్స్ చట్టం ప్రకారం అక్కడి దేశీయ రేవుల మధ్య సరుకును అమెరికాలో కట్టిన, అమెరికా జెండా గల ఓడలే మోయాలి. అందువల్ల కంపెనీలు వేళ్ళపై లెక్కించదగినన్ని. పోర్టోరికో దీవి కిరాయిలను కుమ్మక్కై నిర్ణయించినట్టు 2011, 2012 సంవత్సరాలలో హొరైజన్, సీ స్టార్, క్రౌలీ కంపెనీలు నేరం ఒప్పుకొని జరిమానాలు కట్టాయి. వీటిలో హొరైజన్ 2014 చివర పోర్టోరికో నుంచి తప్పుకున్నది. 2015లో ఆ కంపెనీ అమ్మకానికి వచ్చినప్పుడు, హవాయి దారిలో అప్పటికే పెద్దదైన మాట్సన్‌కు అలాస్కా వ్యాపారం మాత్రమే దక్కి, హవాయి వ్యాపారం పాషా అనే వేరొక కంపెనీకి పోయింది. మొత్తం మాట్సన్‌కే పోతే హవాయి వాసులకు ఇంచుమించు ఒక్క కంపెనీయే మిగిలేది. మన దేశంలోనూ కార్లు మోసే ఓడల కిరాయిలపై కుమ్మక్కు జరిగిందని నిర్ధారించి కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో జపాను కంపెనీలకు జరిమానా విధించింది.

కాగా అండమాన్ సంగతి వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడి 3.8 లక్షల జనంలో నూటికి 13 మంది తెలుగువారు. ఎక్కువమంది ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళినవారే. వారికి చెన్నై, కలకత్తా, విశాఖల నుంచి ఓడలు నడిపే షిప్పింగ్ కార్పొరేషన్ కూడా విలీనంతోనే పుట్టింది. ఈస్టర్న్, వెస్టర్న్ కార్పొరేషన్లు కలిసి 1961 అక్టోబరు 2న అది ఏర్పడింది. 1973లో జయంతి షిప్పింగ్, 1986లో మొఘల్ లైన్ అందులో కలిశాయి. అయినా ఈ విలీనాల వల్ల దీవి వారిపై కిరాయి భారం విరుచుకుపడలేదు. ప్రయాణపు చార్జీల లోటును సర్కారు భరిస్తూ రావడమే ఇందుకు కారణం. ఇక్కడ దీవి వాసి చెల్లించేది ఎదురుచూపులో. విశాఖ ఓడ ఎప్పుడో గాని రాదు. తుపాను వస్తే అదీ రాదు. ఆ వారం పోర్ట్ బ్లెయిర్‌లో ఉల్లిగడ్డ ధరను నిర్ణయించేది నాసిక్ కాదు, ఓడ.

కొనేవారు కలిస్తే?

ఓడ కంపెనీలు కలిస్తే కొనేవారూ కలవవచ్చు. తెలుగువారు తరతరాలుగా స్థిరపడిన మారిషస్‌లో రేషను బియ్యాన్ని ప్రభుత్వ వాణిజ్య సంస్థే దిగుమతి చేసుకుంటుంది. దీవి చిన్నదైనా సరుకు ఒక్క చేతిలో ఉంటుంది గనుక ఓడ వారితో బేరం ఆడగలదు. భారత ప్రభుత్వం 2023 జూలైలో తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించిన తర్వాత కూడా ఆగస్టు చివరలో మారిషస్‌కు 14,000 టన్నులు ప్రత్యేకంగా అనుమతించింది. 2024 సెప్టెంబరు 28న నిషేధం తొలగింది. ప్రైవేటు వర్తకులు పదిమంది విడివిడిగా అడిగి ఉంటే ఆ అనుమతి అంత త్వరగా దొరికేది కాదు. అయితే కొనేవాడు ఒక్కడే కావడంలో అమ్మేవాడికి గండం ఉన్నది. ఫిలిప్పైన్స్ ప్రభుత్వం తన రైతుల ధర కాపాడటానికి 2025 సెప్టెంబరు 1 నుంచి బియ్యం దిగుమతులను నిలిపివేసి, ఆ గడువును తర్వాత పొడిగించింది. ఓడ కిరాయి ఎంత తగ్గినా ఆ నెలల్లో లాభం లేదు.

మిల్లరు, దలాలీ చేతిలో ఉన్నదల్లా ఒప్పందపు కాగితం. ఎఫ్.ఓ.బి. బేరమైతే ఓడ వెతుక్కోవడం, కిరాయి పెరుగుదల కొనేవాడి బాధ్యత. సి.ఐ.ఎఫ్. బేరమైతే అమ్మినవాడి బాధ్యత. రెండో పద్ధతిలో టన్నుకు నాలుగు డాలర్లు ఎక్కువ కనిపించినా, ఒప్పందం నాటికీ ఓడ బయలుదేరే నాటికీ మధ్య వచ్చిపడే రుసుములు ఆ నాలుగు డాలర్లనూ మింగవచ్చు. అందుకే అదనపు రుసుములు ఎవరు భరించాలో ఒక వాక్యం విడిగా రాయించుకోవాలని అనుభవజ్ఞులైన కాకినాడ వర్తకులు అడుగుతారు. మిర్యాలగూడ మిల్లు వద్ద కుదిరే బేరాలలో ఆ వాక్యం ఇంకా నోటిమాటగానే ఉండిపోతున్నది. ఓడ ఆలస్యమై రోజుకు పదివేల డాలర్ల చొప్పున నిలుపుదల రుసుము పడిందనుకుంటే, 12,500 టన్నుల సరుకు మీద క్వింటాలుకు రోజుకు ఏడు రూపాయలకు కాస్త తక్కువ. నాలుగు రోజుల వాన చాలు, క్వింటాలు మీద 27 రూపాయలు పోవడానికి.